ఇంగ్లండ్ పునరుజ్జీవనం: నాటకం, పద్యం, పాట, బొమ్మ – తరచుగా అడిగే ప్రశ్నలు

డిగ్రీ పిల్లలకు ఇంగ్లీషు సాహిత్యం చెప్పడం మొదలుపెట్టి చాలా ఏళ్లయింది. ఏటా కొత్త పిల్లలు వస్తారు, ప్రశ్నలు మాత్రం అవే వస్తాయి. వాటిని ఒకచోట రాసిపెట్టమని చాలామంది అడిగారు. పరీక్ష కోసం చదివేవాళ్లకీ, ఊరికే తెలుసుకోవాలని ఉన్నవాళ్లకీ ఉపయోగపడాలని రాశాను. నాకు బాగా ఇష్టమైన చోట జవాబు పొడవైంది.

ఇంగ్లండ్ పునరుజ్జీవనం (రినైసాన్స్) అంటే ఏ కాలం?

పుస్తకాన్ని బట్టి తేదీలు మారతాయి. ట్యూడర్ వంశం గద్దెనెక్కిన 1485 నుంచి లండన్ నాటకశాలలు మూతపడిన 1642 దాకా అనుకుంటే సరిపోతుంది. మనకి గుర్తుండాలంటే ఒక దారి ఉంది. విజయనగరంలో కృష్ణదేవరాయలు సింహాసనం ఎక్కిన 1509లోనే లండన్‌లో ఎనిమిదో హెన్రీ రాజయ్యాడు. అతని కూతురు మొదటి ఎలిజబెత్ 1558 నుంచి 1603 దాకా ఏలింది. ఆమె తర్వాత మొదటి జేమ్స్ 1625 దాకా. ఈ రోజుకీ అందరూ చెప్పుకునే నాటకాలు, పాటలు, పద్యాలు చాలావరకు 1576కీ 1623కీ మధ్య వచ్చాయి. యాభై ఏళ్లు కూడా కాదు.

ఇటలీలో ఎప్పుడో మొదలైంది కదా, ఇంగ్లండ్‌కి అంత ఆలస్యం ఎందుకు?

ఫ్లారెన్స్‌లో చిత్రకారులు, శిల్పులు పోటీలు పడుతున్న రోజుల్లో ఇంగ్లండ్‌లో రెండు రాజకుటుంబాలు సింహాసనం కోసం ఒకరినొకరు నరుక్కుంటున్నాయి. ఆ గొడవ 1485లో బాస్‌వర్త్ యుద్ధంతో సద్దుమణిగింది. అంతకు తొమ్మిదేళ్ల ముందు, 1476లో, విలియం కాక్స్‌టన్ అనే వర్తకుడు వెస్ట్‌మిన్‌స్టర్‌లో అచ్చుయంత్రం పెట్టాడు. నన్నడిగితే అసలు మొదలు అదే. తర్వాత ఎరాస్మస్ వంటి పండితులు వచ్చి వెళ్లారు, గ్రీకు చదువు వచ్చింది, బడులు వచ్చాయి.

ఆలస్యం వల్ల ఒక మేలు కూడా జరిగింది. ఇటలీ, ఫ్రాన్స్ అప్పటికే పండించి పెట్టిన పంట వీళ్ల చేతికి ఒక్కసారిగా అందింది. సానెట్ అనే పద్నాలుగు పాదాల పద్యం, పలు గొంతులు కలిపి పాడే మాడ్రిగల్ పాట, రోమన్ నాటక పద్ధతి, అన్నీ అరువే. ఆ అరువు సొమ్మంతా తీసుకెళ్లి ఒకే చోట పెట్టారు. అది మాట.

మైకెలాంజిలో లాంటి చిత్రకారుడు ఇంగ్లండ్‌లో ఎందుకు పుట్టలేదు?

ఈ ప్రశ్న అడిగిన పిల్లల్ని నేను ముందు స్ట్రాట్‌ఫర్డ్‌కి తీసుకెళతాను, మాటల్లోనే. ఆ ఊళ్లో గిల్డ్ చాపెల్ అని ఒక చిన్న ప్రార్థనా మందిరం ఉంది. దాని గోడల నిండా రంగుల బొమ్మలు ఉండేవి: తీర్పు రోజు, స్వర్గానికి వెళ్లేవాళ్లు, నరకంలో పడేవాళ్లు. 1560లలో ఆ బొమ్మల మీద సున్నం కొట్టించారు. ఊరి లెక్కల పుస్తకంలో ఆ పనికి రెండు షిల్లింగులు ఖర్చు రాశారు. ఆ రోజుల్లో ఊరి లెక్కలు చూసిన అధికారుల్లో ఒకరి పేరు జాన్ షేక్‌స్పియర్. చేతితొడుగులు కుట్టి అమ్ముకునే మనిషి. 1564లో ఆయనకి విలియం అనే కొడుకు పుట్టాడు.

ఎనిమిదో హెన్రీ 1534లో రోమ్‌లోని పోప్‌తో తెగతెంపులు చేసుకున్నాడు. 1536 నుంచి 1540 లోపు మఠాలన్నీ మూయించాడు. ఆ తర్వాత వచ్చిన సంస్కర్తలు గుడిలో బొమ్మ ఉంటే విగ్రహారాధన కిందికి వస్తుందని గోడలకు సున్నం కొట్టించారు, రంగుటద్దాలు పగలగొట్టించారు, విగ్రహాలు తగలబెట్టించారు. ఇటలీలో చిత్రకారుడికి అన్నం పెట్టింది చర్చి. ఇంగ్లండ్‌లో ఆ తలుపే మూసుకుపోయింది. ఇక మైకెలాంజిలో ఎక్కడినుంచి వస్తాడు?

బొమ్మ చూడాలన్న ఆకలి మాత్రం జనంలో అలాగే ఉండిపోయింది. ఆ ఆకలి తీర్చింది నాటకమే అని నేను గట్టిగా నమ్ముతాను. సున్నం కొట్టిన గోడల మధ్య పెరిగిన పిల్లవాడు పెద్దయ్యాక నరకాన్నీ, తుపానునీ, రాజుల పతనాన్నీ మాటలతోనే రూపు కట్టించాడు.

అంటే అక్కడ చిత్రకళే లేదా?

ఉంది. చర్చి వదిలి మనుషుల ముఖాల మీదికి వచ్చింది. జర్మనీ నుంచి వచ్చిన హాన్స్ హోల్బైన్ ఎనిమిదో హెన్రీనీ, ఆయన కొలువులోని వాళ్లనీ ఎలా గీశాడంటే, ఈ రోజుకీ హెన్రీ అనగానే కళ్ల ముందు నిలిచేది ఆ బొమ్మే. 1533లో ఆయన వేసిన 'రాయబారులు' చిత్రం లండన్ నేషనల్ గ్యాలరీలో ఉంది. రాయబారుల కాళ్ల దగ్గర నేల మీద ఏదో వంకరగీత లాంటిది కనిపిస్తుంది. పక్కకి జరిగి ఏటవాలుగా చూస్తే అది పుర్రె.

కానీ నాకు ప్రాణం నికొలస్ హిలియర్డ్. కంసాలి పని నేర్చుకున్నవాడు. అరచేతిలో ఇమిడే సూక్ష్మచిత్రాలు వేసేవాడు. పలచటి చర్మపత్రాన్ని పేకముక్కకి అంటించి, దాని మీద ఉడత వెంట్రుకల కుంచెతో గీసేవాడు. ఈ కళ గురించి తనే ఒక చిన్న గ్రంథం రాశాడు. అందులో చెప్పిన జాగ్రత్తలు వింటే ఆ గదిలో మనమే కూర్చున్నట్టు ఉంటుంది. పట్టుబట్ట కట్టుకోవాలి, దానినుంచి నూగు రాలదు కాబట్టి. తల చుండ్రు బొమ్మ మీద పడకూడదు. బొమ్మ మీదికి వంగి మాట్లాడకూడదు, ఉమ్మి తుంపర పడుతుంది. పూసిన బంగారాన్ని మెరుగు పెట్టడానికి ముంగిసలాంటి చిన్న జంతువు పన్ను వాడాలి.

ఎలిజబెత్ రాణి బొమ్మ వేయించుకోవడానికి తోటలో చెట్టు నీడ పడని బాటలో కూర్చుందని కూడా ఆయనే రాశాడు. ముఖం మీద నీడ ఉండకూడదని ఆమె పట్టుదల. అందుకే ఆ కాలపు ఇంగ్లీషు చిత్రాల్లో ముఖాలు పౌర్ణమి చంద్రుడిలా చదునుగా వెలుగుతాయి.

అప్పట్లో ఇంగ్లీషు పెద్ద భాషేనా?

కాదు. సముద్రం దాటితే ఎవరికీ అక్కర్లేని భాష. థామస్ మోర్ 1516లో 'యుటోపియా'ని లాటిన్‌లోనే రాశాడు, యూరప్‌లో పదిమంది చదవాలంటే అదే మార్గం. విలియం టిండేల్ బైబిల్ కొత్త నిబంధనను ఇంగ్లీషులోకి తెచ్చి 1526లో జర్మనీలో అచ్చువేయించి దొంగతనంగా దేశంలోకి పంపితే, అధికారులు ఆ ప్రతులు తగలబెట్టారు. 1536లో ఆయన్ని కూడా గొంతు బిగించి చంపి తగలబెట్టారు. 1611లో రాజు జేమ్స్ ఆజ్ఞతో వచ్చిన బైబిల్లో ఎన్నో వాక్యాలు ఆ టిండేల్‌వే. ఈ సంగతి చెప్పిన రోజు క్లాసులో నా గొంతు ఎప్పుడూ కొంచెం వణుకుతుంది.

రిచర్డ్ మల్కాస్టర్ అనే బడిపంతులు 1582లో ధైర్యంగా రాశాడు: లాటిన్ అంటే నాకు గౌరవమే, కానీ నేను కొలిచేది ఇంగ్లీషుని. ఆ కాలంలో అలా అనడం చిన్న విషయం కాదు. తెలుగు మీడియమా ఇంగ్లీషు మీడియమా అని ఇంట్లో వాదించుకునే మనకి ఆ మాట బరువు వెంటనే తెలుస్తుంది.

సానెట్ ఎక్కడిది?

ఇటలీది. థామస్ వయట్ అనే కవి తెచ్చాడు, సర్రే ప్రభువు దాన్ని ఇంగ్లీషు నోటికి తగ్గట్టు సవరించాడు. ఇటాలియన్ మాటలు దాదాపు అన్నీ అచ్చులతో ముగుస్తాయి, అంత్యప్రాసకి కొదవ లేదు. ఇంగ్లీషులో ఆ వీలు లేదు. అందుకని నాలుగేసి పాదాలకి ప్రాస మార్చుకుంటూ పోయి, చివర రెండు పాదాలకి ఒక జంట ప్రాస వేశారు. ఆ జంట పాదాల దగ్గర పద్యం మలుపు తిరుగుతుంది. మన పద్యంలో ప్రాస పాదానికి రెండో అక్షరం దగ్గర కూర్చుంటుంది, వాళ్లది పాదం చివర. ఈ తేడా చెబితే పద్యం వచ్చిన పిల్లలకి సానెట్ ఇట్టే అర్థమవుతుంది. 1609లో అచ్చయిన షేక్‌స్పియర్ సానెట్లు 154.

ప్రాస లేకుండా నడిచే అయిదు ఊనికల పాదాన్ని కూడా సర్రేనే మొదలుపెట్టాడు. క్రిస్టఫర్ మార్లో దాన్ని రంగస్థలం మీద ఉరిమించాడు. తర్వాత అది నాటకానికి ఊపిరైంది.

షేక్‌స్పియర్ యూనివర్సిటీకి వెళ్లలేదు కదా, అంత చదువు ఎలా వచ్చింది?

ఊరి గ్రామర్ స్కూల్ వల్ల. తెల్లవారి నుంచి సాయంత్రం దాకా లాటిన్. ఓవిడ్, వర్జిల్, టెరెన్స్ కంఠతా పట్టించేవాళ్లు. ఒక పద్ధతి ఉండేది: లాటిన్ భాగాన్ని ఇంగ్లీషులోకి మార్చాలి, కొంతసేపాగి, మూలం చూడకుండా తిరిగి లాటిన్‌లోకి మార్చాలి. ఒకే భావాన్ని పది రకాలుగా చెప్పడం అక్కడే అలవాటయ్యేది. ఒకే వాదాన్ని రెండు పక్షాల నుంచీ వాదించమనేవాళ్లు. నాటకం రాయడానికి ఇంతకన్నా మంచి శిక్షణ ఏముంటుంది?

ఈ రచయితల తండ్రులెవరో చూడండి. షేక్‌స్పియర్ తండ్రి చేతితొడుగుల పని. మార్లో తండ్రి చెప్పులు కుట్టేవాడు. బెన్ జాన్సన్ మారుతండ్రి ఇటుకల తాపీ మేస్త్రీ, జాన్సన్ కూడా కొన్నాళ్లు తాపీ పట్టాడు. షేక్‌స్పియర్ నాటకాలు వేరెవరో ప్రభువు రాసి ఉంటాడని ఇప్పటికీ కొందరు అంటారు. చేతిపని చేసుకునే ఇంట్లో పుట్టినవాడికి ఇంత రాదన్న అనుమానమే దాని వెనక ఉందని నాకనిపిస్తుంది. ఆ తరంలో చాలామంది అలాంటి ఇళ్ల నుంచే వచ్చారు.

నాటకశాల ఎలా ఉండేది? టికెట్ ఎంత?

అంతకుముందు నాటకాలు సత్రాల పెరళ్లలో, ప్రభువుల హాళ్లలో ఆడేవారు. 1572లో వచ్చిన చట్టం ప్రకారం ఎవరైనా ప్రభువు అండ లేని నటులు దేశదిమ్మరుల కిందే లెక్క, పట్టుకుని కొరడాతో కొట్టొచ్చు. అందుకే నటబృందాలన్నీ ఎవరో ఒక ప్రభువు పేరు తగిలించుకున్నాయి. 1576లో జేమ్స్ బర్బేజ్ లండన్ నగర హద్దు బయట, షోర్‌డిచ్‌లో, నాటకాల కోసమే కొయ్యతో ఒక శాల కట్టాడు. దాని పేరు కూడా 'ది థియేటర్' అనే పెట్టాడు. నగర పెద్దలకి నాటకాలంటే పడదు, అందుకే హద్దు బయట.

ఇరవై ఒక్కేళ్లకి స్థలం లీజు అయిపోయింది. స్థలం యజమాని కొత్త లీజుకి ఒప్పుకోలేదు. భూమి ఆయనది, కానీ కొయ్య మాది అన్నారు బర్బేజ్ కొడుకులు. 1598 డిసెంబరు 28న వడ్రంగి పీటర్ స్ట్రీట్‌నీ, మనుషుల్నీ వెంటేసుకుని వెళ్లి శాల మొత్తం విప్పేశారు. ఆ దూలాలే థేమ్స్ నది అవతల సదర్క్‌లో 1599లో గ్లోబ్ అయ్యాయి. డబ్బు చాలక నటుల్ని కూడా వాటాదారులుగా చేర్చుకున్నారు. వాళ్లలో షేక్‌స్పియర్ ఒకడు. ఆయనకి డబ్బు ఎక్కువగా వచ్చింది ఈ వాటా నుంచే, రాతల నుంచి తక్కువ.

నేల మీద నిలబడి చూస్తే ఒక పెన్నీ. లండన్‌లో పనితనం ఉన్న కూలీకి రోజుకి దాదాపు పన్నెండు పెన్నీలు వచ్చేవి. ఇంకో పెన్నీ ఇస్తే కప్పు కింద గ్యాలరీ, మరో పెన్నీకి మెత్త. ఆట మధ్యాహ్నం, ఎండ వెలుతుర్లో. లైట్లు లేవు, తెరలు లేవు. అర్ధరాత్రి అని నటుడు చెబితే జనం మిట్టమధ్యాహ్నం అర్ధరాత్రిని చూడాలి. అందుకే ఆ నాటకాల్లో అన్ని వర్ణనలు. 1989లో రోజ్ నాటకశాల పునాదులు బయటపడినప్పుడు అక్కడ హేజెల్ గింజల తొక్కలు దొరికాయి. మన సినిమాహాల్లో పల్లీల తొక్కలు గుర్తొచ్చాయి నాకు.

రోజ్ యజమాని ఫిలిప్ హెన్‌స్లో లెక్కల పుస్తకం ఇప్పటికీ భద్రంగా ఉంది. దాన్ని చూస్తే ఆ వృత్తి ఎంత వేగంగా నడిచిందో తెలుస్తుంది. రోజుకో నాటకం, ఒక ఏడాదిలో ముప్పైకి పైగా. నటుడికి నాటకం మొత్తం ఇచ్చేవారు కాదు. తన మాటలు, వాటికి ముందొచ్చే అందింపు మాటలు మాత్రమే ఒక కాగితపు చుట్ట మీద రాసి ఇచ్చేవారు. ఇంకో లెక్క చూడండి. 1603లో థామస్ హేవుడ్‌కి ఒక నాటకం రాసినందుకు ఆరు పౌండ్లు ముట్టాయి. ఆ నాటకంలో కథానాయిక వేసుకున్న నల్ల మఖమల్ గౌనుకి ఆరు పౌండ్ల పదమూడు షిల్లింగులు ఖర్చయింది.

1613 జూన్ 29న గ్లోబ్‌లో ఆట మధ్య ఫిరంగి పేల్చితే నిప్పురవ్వ గడ్డికప్పు మీద పడింది. గంటలో శాల బూడిదైంది. ఎవరూ చనిపోలేదు. ఒకతని పంట్లాం అంటుకుంటే సీసాలోని బీరు పోసి ఆర్పారు. మరుసటి ఏడాదికల్లా మళ్లీ కట్టారు, ఈసారి పెంకుల కప్పుతో.

ఆడపాత్రలన్నీ మగపిల్లలే వేసేవారా?

అవును. గొంతు మారని కుర్రాళ్లు పెద్ద నటుల దగ్గర శిష్యులుగా చేరి నేర్చుకునేవాళ్లు. జూలియట్, క్లియోపాత్ర, లేడీ మాక్‌బెత్ అందరూ వాళ్లే. స్థానం నరసింహారావు గారి సత్యభామ గురించి పెద్దల నోట విన్నవాళ్లకి ఇది వింతగా తోచదు.

ఆడవాళ్లు రాసేవారా?

రాసేవారు, కష్టాలు దాటుకుని. ఇసబెల్లా విట్నీ 1560లలోనే కవితలు అచ్చువేయించింది. మేరీ సిడ్నీ తన అన్న ఫిలిప్ 1586లో యుద్ధగాయంతో చనిపోతే, ఆయన సగంలో వదిలిన బైబిల్ కీర్తనల అనువాదాన్ని పూర్తి చేసింది. కీర్తన కీర్తనకీ కొత్త ఛందస్సు ఎత్తుకుంది. అన్న వంతు నలభైమూడు, మిగతా నూటికి పైగా ఆమెవే. ఎమీలియా లాన్యర్ 1611లో తన కావ్యంలో బైబిల్లోని తొలి స్త్రీ అవ్వ తరఫున వాదించింది: జ్ఞానం పొందిన పాపం ఆడదానిదైతే, ఆ జ్ఞానాన్ని తమదని గొప్పగా చెప్పుకునేది మగవాళ్లే కదా అని. ఎలిజబెత్ కేరీ 1613లో ఒక విషాదనాటకం అచ్చువేసింది. ఈ పేర్లు సిలబస్‌లో ఉండాలి.

సంగీతం సంగతి?

పాట ఇంట్లోకి వచ్చింది ఈ కాలంలోనే. జాన్ డౌలండ్ 1597లో వేసిన పాటల పుస్తకం తెరిస్తే ఒక పేజీలో స్వరాలు మూడు దిక్కులకి తిరిగి ఉంటాయి. అచ్చుతప్పు కాదు. పుస్తకాన్ని బల్ల మధ్యలో పెడితే చుట్టూ కూర్చున్నవాళ్లు ఎవరి భాగాన్ని వాళ్లు, ఎవరి వైపు నుంచి వాళ్లు చదువుకుని పాడొచ్చు. ఒక ఇల్లు, ఒక బల్ల, ఒక పుస్తకం, నాలుగు గొంతులు.

స్వరకర్తలు థామస్ టాలిస్, విలియం బర్డ్ గురుశిష్యుల్లాంటివాళ్లు. 1575లో రాణి వీళ్లిద్దరికీ సంగీతం అచ్చువేసే హక్కు ఇరవై ఒక్కేళ్లకి రాసిచ్చింది. పుస్తకం అమ్ముడుపోక నష్టపోయారు పాపం. టాలిస్ 'స్పెమ్ ఇన్ ఆలియమ్' నలభై గొంతుల పాట. అయిదుగురేసి ఎనిమిది బృందాలు. ఒక గొంతుతో మొదలై, చేరుకుంటూ చేరుకుంటూ, నలభైమందీ ఒక్కసారి ఎత్తుకునే చోట ఒళ్లు జలదరిస్తుంది. మొదటిసారి రాత్రి బస్సులో ఇయర్‌ఫోన్స్ పెట్టుకుని విన్నాను, పక్క సీటు ఆయన ఏమైంది బాబూ అని అడిగారు.

బర్డ్ కేథలిక్. ఆ మతం పాటిస్తే జరిమానా పడే దేశంలో, ఆ మతాన్ని అణచే రాణి చాపెల్లోనే ఉద్యోగం. 1590లలో ఆయన అచ్చువేసిన మూడు మాస్‌లకి (కేథలిక్ ఆరాధనలో పాడే సంగీతం) ముఖపత్రమే లేదు. మూసిన తలుపుల వెనక, రహస్యంగా కూడిన పిడికెడు మంది కోసం రాసిన సంగీతమది. గొంతులు తక్కువ, మెల్లగా పాడుకోవచ్చు.

ఇదంతా ఎలిజబెత్ రాణి పోషణ వల్లేనా?

కొంతే. ఆమెకి ఖర్చంటే గిట్టదు. డబ్బు బదులు హక్కుపత్రాలు, అనుమతులు ఇచ్చేది. ఖర్చు ప్రభువుల నెత్తిన పడేది. 1575లో లెస్టర్ ప్రభువు కెనిల్‌వర్త్ కోటలో రాణికి పంతొమ్మిది రోజులు విందులు, బాణసంచా, నాటకాలు ఏర్పాటు చేశాడు. కానీ నాటకాన్ని నిలబెట్టింది మాత్రం పెన్నీ ఇచ్చి నిలబడ్డ జనమే. నాటకాలంటే మండిపడే నగర పెద్దల నుంచి రాణి కొలువు నటుల్ని కాపాడింది, ఆ మేలు ఒప్పుకోవాలి. నాటకాలకు అనుమతి ఇచ్చే అధికారి చేతిలో కత్తెర ఉన్నమాట కూడా నిజం. 1597లో ఒక నాటకం రాజద్రోహంగా ఉందని బెన్ జాన్సన్‌ని జైల్లో పెట్టారు.

స్వర్ణయుగం అనొచ్చా?

నేను క్లాసులో ఆ మాట వాడను. ప్లేగు వచ్చి 1592 నుంచి 1594 దాకా నాటకశాలలు చాలాకాలం మూతపడ్డాయి. 1590ల మధ్యలో వరసగా పంటలు పోయి జనం ఆకలికి మాడారు. జాన్ హాకిన్స్ 1562లో ఆఫ్రికా మనుషుల్ని పట్టి అమ్మడానికి ఓడలు నడిపాడు. మధురంగా రాసిన ఎడ్మండ్ స్పెన్సర్ ఐర్లండ్‌ని ఎలా అణచాలో కూడా రాశాడు. నాటకశాల పక్కనే గొలుసు వేసిన ఎలుగుబంటి మీదికి కుక్కల్ని వదిలే వినోదశాల. వెళ్లేది ఆ జనమే. ఇవన్నీ తెలిసి చదివితే షేక్‌స్పియర్ 'కింగ్ లియర్' ఇంకా లోతుగా దిగుతుంది.

మనకీ ఆ కాలానికీ సంబంధం ఏమైనా ఉందా?

ఉంది. 1600 డిసెంబరు 31న ఎలిజబెత్ ఈస్టిండియా కంపెనీకి పత్రం రాసిచ్చింది. 1611లో కంపెనీ ఓడ ఒకటి మచిలీపట్నం చేరింది. గోల్కొండలో మహమ్మద్ కులీ కుతుబ్‌షా ఏలుతున్న రోజులు. ఓడ పేరు గ్లోబ్. నాటకశాలతో సంబంధం లేదు, పేరు కలిసిందంతే. వాళ్లకి కావలసింది మన తీరపు బట్టలు. అదే ఏడాది లండన్‌లో జేమ్స్ బైబిల్ వచ్చింది, నవంబరు 1న రాజు ముందు షేక్‌స్పియర్ 'ది టెంపెస్ట్' ఆడారు. దూర ద్వీపానికి వచ్చి, అక్కడివాణ్ణి బానిసగా చేసుకున్న దొర కథ.

తర్వాత నాటకాలు కూడా వచ్చాయి. కందుకూరి వీరేశలింగం గారు 'కామెడీ ఆఫ్ ఎర్రర్స్'ని 'చమత్కార రత్నావళి'గా తెలుగు చేశారు. లియర్ కథ నీడ 1949లో వచ్చిన 'గుణసుందరి కథ' సినిమా మీద ఉంది.

నాటకశాలలు ఎప్పుడు మూశారు?

1642లో, అంతర్యుద్ధం మొదలయ్యాక, పార్లమెంటు ఆజ్ఞతో. 1660 దాకా అధికారికంగా తెరవలేదు.

ఆ నాటకాలు మనదాకా ఎలా వచ్చాయి?

నాటకం అప్పట్లో సాహిత్యం కాదు, ఆడి వదిలేసే సరుకు. చాలా నాటకాలు పేర్లు మాత్రమే మిగిల్చి పోయాయి. షేక్‌స్పియర్ తన నాటకాల్ని ఒకచోట చేర్చి అచ్చువేసుకోలేదు. 1616లో చనిపోయేముందు వీలునామాలో ముగ్గురు తోటినటుల పేర్లు రాయించాడు: రిచర్డ్ బర్బేజ్, జాన్ హెమింగ్స్, హెన్రీ కాండెల్. నా గుర్తుగా ఉంగరాలు కొనుక్కోండని ఒక్కొక్కరికి ఇరవై ఆరు షిల్లింగుల ఎనిమిది పెన్నీలు. 1619లో బర్బేజ్ పోయాడు. మిగిలిన ఇద్దరు ముసలి నటులు చేతిరాత ప్రతులు, చిన్న పుస్తకాలు వెతికి పోగుచేసి, 1623లో 36 నాటకాలతో ఒక పెద్ద పుస్తకం తెచ్చారు. వాటిలో 18 అంతకుముందు ఎక్కడా అచ్చు కాలేదు. 'మాక్‌బెత్', 'జూలియస్ సీజర్', 'ట్వెల్‌ఫ్త్ నైట్', 'ది టెంపెస్ట్' ఆ పద్దెనిమిదిలోవే. స్నేహితుడి జ్ఞాపకం నిలబెట్టడానికే ఈ పని చేశామని ఆ ఇద్దరూ ముందుమాటలో రాసుకున్నారు.